బల్కంపేట యాత్ర

మా అత్తగారికి బల్కంపేట యెల్లమ్మతల్లి మ్రొక్కు చాలకాలముగా నిలిచియుండెను. రెండేండ్ల క్రిందట మా చిన్నవానికి అమ్మవారు పోసినప్పుడు వారు పసుపుగుడ్డలో ముడుపు కట్టి, పిల్లవాడు లేచి తిరిగినచో తామే స్వయముగా వచ్చి చెల్లించుకొందుమని చెప్పుకొనిరి. పిల్లవాడు లేచి తిరుగుచునే యున్నాడు. అత్తగారికే మోకాళ్ళ నొప్పులును రక్తపుపోటును వచ్చి ప్రయాణము సాగలేదు. ఈ యెండకాలమున వారు, "ఆషాఢంల కల్యాణంనాడు ఆ జనంల నేను నిలువలేను బిడ్డా, ఇప్పుడే పోదాం" అని పట్టుపట్టిరి. వైద్యుడు మాత్రము వారికి ఎండ తగులనీయవద్దని గట్టిగా చెప్పియుండెను.

మా మరిదికి ఒక కారు కలదు. అప్పుచేసి పాతకారును కొని, బాడుగకు నడుపుకొనుచు, నెలనెల వాయిదాలు కట్టుచున్నాడు. చల్లదనమును తనంతతానే సరిచేసుకొను యేర్పాటు అందు కలదు. దానిని ఆటోమాటిక్ క్లైమేట్ కంట్రోలు అందురు. 24 అని అంకె పెట్టి విడిచినచో, బయట ఎండ కాసినను వాన కురిసినను లోపల 24 డిగ్రీలు నిలుపుట దాని ధర్మము. మామూలు ఏసీలో మనము చేతితో త్రిప్పుకొను మీటలను ఇందులో యంత్రమే త్రిప్పుకొనును. ఇట్టి కారని చెప్పియే అతడు బాడుగకు రెండు రూపాయలు ఎక్కువ అడుగగలుగుచుండెను.

అట్టి కారు మూడు వారములనుండి వేడిగాలి యూదుచుండెను. మా ఊరి షెడ్డులో రెండుమార్లు గ్యాసు నింపిరి. రెండుమార్లును ఫలితము లేదు. పిమ్మట, కంప్రెసరు తిరుగుటలేదు గనుక అదియే పోయినదనియు, క్రొత్తది వేయవలెననియు చెప్పిరి. వారు చెప్పిన వెల మా మరిది నాలుగు నెలల వాయిదాలకు సమానము. ఎండలలో చల్లదనము లేని కారును ఎవరు పిలుతురు? పెండ్లిండ్ల బాడుగలన్నియు చేయిజారిపోయెను. అతని ముఖము చూచుటకే మాకు కష్టముగా నుండెను. హైదరాబాదులో ఎవరికైన చూపింతమని అతడును, మ్రొక్కు తీర్చుకొందమని అత్తగారును అనగా, వైశాఖమాసములో నొక మంగళవారము నల్లగొండనుండి బయలుదేరితిమి.

తెల్లవారుజామున కదలవలెనని యనుకొంటిమి గాని, బోనపు కుండకు పసుపు పూసి, వేపరెమ్మలు కట్టి, పిల్లలకు తిండ్లు పెట్టునప్పటికి ఎనిమిది గంటలైనది. నార్కట్‌పల్లియొద్ద విజయవాడ రహదారి యెక్కి చిట్యాల దాటునంతవరకు తెరచిన కిటికీలగాలి హాయిగనే యుండెను. చౌటుప్పల దాటినపిదప అది వడగాలియైనది. అప్పుడు ముందరి సీటు వెనుక కూర్చున్న మా చిన్నవాడు డాషుబోర్డు మీది వెలుగుటంకెలు చదువుచు, "అమ్మా, బయట మైనసు నలభై అట!" అని నవ్వెను. మేమును వంగి చూచితిమి. నిజముగనే బయటి వేడిమి యను గుర్తు ప్రక్కన -40 అని యుండెను. రోడ్డుమీది తారు కరగుచుండగా, కారు మాత్రము తాను హిమాలయములపై పోవుచున్నానని చెప్పుచున్నది! మేము మరిదిని అడుగగా, అతడు, "అది ఖరాబైందొదినా. దాంతోటి మనకేం పని?" అనెను. సరియేనని యూరకుంటిమి.

ఎల్బీనగరు చేరినది మొదలు మెట్రోరైలు వంతెన మా తలపైననే నడచివచ్చెను. 2017 నవంబరులో ఈ నగరమున మెట్రో మొదలైనది. ఎల్బీనగరునుండి అమీర్‌పేటవరకు గల భాగము 2018 సెప్టెంబరులో తెరవబడినది. పైన చల్లని పెట్టెలలో జనము పోవుచుండగా, క్రింద మేము దిల్‌సుఖ్‌నగరు, మలకుపేట, ఖైరతాబాదు, పంజాగుట్ట మీదుగా చెమటలో మునిగి పోవుచుంటిమి. పంజాగుట్ట కూడలిలో బండ్లన్నియు నిలిచిపోగా అత్తగారి ముఖము ఎఱ్ఱబారి, మాట మందగించెను. మా గుండె ఝల్లుమన్నది. కారును నీడకు చేర్చి, చీరకొంగు తడిపి మెడకును నుదుటికిని అద్ది, ఉప్పు వేసిన మజ్జిగ గుటకగుటకగా త్రాగించితిమి. కొంతసేపటికి తేరుకొనిరి. అంతటితో తేరుకొననియెడల ఆసుపత్రికి కొనిపోవలసినదే. ఇట్టి చోట ఆలస్యము ప్రాణాంతకమని సోదరీమణులు గుర్తుంచుకొనవలెను.

అమీర్‌పేట మెట్రోలో రెండు దారులు కలసికొను కూడలి. మన పల్లెలనుండి పిల్లలు వేలాదిగా వచ్చి కంప్యూటరు విద్యలు నేర్చుకొను చోటు. మేడమేడకును పాఠముల బోర్డులు, సందుసందునను హాస్టళ్ళు. అక్కడినుండి బల్కంపేటకు మరలు త్రోవలో ప్రకృతిచికిత్సాలయము కలదు. మన్ను, నీరు, గాలి, ఉపవాసములచేతనే రోగములు కుదుర్తురట. ఆ చెట్లనీడ చూడగనే అత్తగారు, "ఇక్కడనే దింపిపోండ్రి" అని హాస్యమాడిరి. ఆ మాటతో మాకు ధైర్యము వచ్చెను.

యెల్లమ్మగుడి చేరగనే పసుపుకుంకుమల వాసన, వేపాకుల పచ్చదనము, టెంకాయల చప్పుడు. ఈ గుడి విశేషమేమనగా, అమ్మవారు ఎత్తుపీఠముపై కాక, నేలమట్టమునకు సుమారు 10 అడుగుల క్రింద బావిలో శయనించియుండును. పూర్వము ఒక రైతు బావి త్రవ్వుచుండగా విగ్రహము బయటపడెననియు, ఎందరు ఎత్తినను కదలకపోగా అక్కడనే పూజలు సాగించిరనియు పెద్దలు చెప్పుదురు. ఆ నీటినే తీర్థముగా భావింతురు. ఆషాఢమాసపు మొదటి మంగళవారమున ఇచ్చట కల్యాణము జరుగును. మేము వంగి క్రిందికి చూచినప్పుడు, తడిసిన రాతిమీదినుండి లేచు చల్లదనము ముఖమునకు తగిలెను. అత్తగారు ముడుపు చెల్లించి, "చల్లగ చూడు తల్లీ" అని చేతులు జోడించిరి. మన భాషలో దయకు చల్లదనమే పేరు గదా! ప్రబంధ నాయికలకు చెలికత్తెలు పన్నీరు, చందనము, తామరాకులతో శైత్యోపచారములు చేసిన ఘట్టములు మేము చిన్ననాడు చదివి నవ్వుకొనెడివారము. పంజాగుట్టలో కొంగు తడుపుచున్నప్పుడు మాకు ఆ నవ్వు రాలేదు.

అత్తగారిని పిల్లలతో గుడి నీడను కూర్చుండబెట్టి, మరిదితోకూడ మేమును దగ్గరి సందులోని కారు ఏసీల షెడ్డునకు పోయితిమి. అది రేకులు కప్పిన చిన్న కొట్టు. మెకానిక్కు నడివయసువాడు. మా మరిది గ్యాసు కథయు కంప్రెసరు కథయు చెప్పుచుండగా ఆయన విని, ఏ పనిముట్టును ముట్టక, ఇంజను వేయించి, గాలి వచ్చు చోట చేయి పెట్టి చూచి, చెవి యొగ్గి వినెను. పిదప డాషుబోర్డు వైపు చూచి, "గీ నెంబరు ఎప్పటిసంది గిట్ల చూపిస్తుంది?" అని యడిగెను. మరిది జ్ఞాపకము చేసికొని, చల్లదనము పోయిన నాడే అది కనబడెనని చెప్పెను. ఆయన నవ్వి, "ఇంకేంది మరి! బండి తన రోగం తానే చెప్తాంది. మీరే వింటలేరు" అనెను. మేమును మరిదియు ఒకరి మొగము లొకరము చూచుకొంటిమి. మా చిన్నవాడు చౌటుప్పలయొద్ద నవ్వుచు చదివినదే రోగనిదానమై యుండెను.

ఆయన విప్పి చెప్పగా మేము గ్రహించిన సంగతి యిది. కారులో చల్లదనము పుట్టు తీరు మన మట్టికుండలోని తీరే. కుండ చెమర్చి, ఆ తడి ఆవిరియగుచు వేడిని కొనిపోవును. వట్టివేళ్ళ తడికయు అంతియే. కారులో నీటికి మారుగా గ్యాసు కలదు. కంప్రెసరు దానిని గట్టిగా ఒత్తును. ముందరి జాలివెనుక నుండు కండెన్సరులో దాని వేడి బయటిగాలికి పోయి, గ్యాసు ద్రవమగును. ఆ ద్రవము సన్నని రంధ్రముగుండ డాషుబోర్డు వెనుకనున్న కూలింగు కాయిలులోనికి పోయి, మరల వాయువగుచు చుట్టుగల వేడిని పీల్చును. ఆ కాయిలుమీదుగా బ్లోయరు ఊదిన గాలి మనకు చల్లగా వచ్చును. కుండలో ఆవిరి పోయినది పోయినదే. కారులో ఆ గ్యాసే మరల మరల తిరుగును. కావున గ్యాసు నూనెవలె ఖర్చగు వస్తువు కాదు. ఏండ్లమీద కీళ్ళయొద్ద కొంచెము తరిగిన తరుగవచ్చును. ఏటేట నింపవలసివచ్చినచో ఎక్కడనో కారుచున్నదనియే యర్థము. కారుచోటు కట్టక గ్యాసు నింపుట చిల్లుకుండలో నీరు పోయుటయే.

ఇది శరీరము. ఇక దాని బుద్ధి వేరు. 1939లో అమెరికాలో ప్యాకార్డు కంపెనీవారు మొదటిసారి కారులో చల్లనిగాలి యంత్రమును అమ్మకమునకు పెట్టినప్పుడు దానికి బుద్ధి లేదు. అక్కరలేనప్పుడు ఆపవలెనన్న దిగి ఇంజను బెల్టు ఊడదీయవలసియుండెడిది. 1964లో క్యాడిలాకు కార్లలో కోరిన వేడిమిని తానే నిలుపు యంత్రము వచ్చెను. నేటి కార్లలో ఆ పని చిన్న కంప్యూటరు చేయును. అది చీకటిపెట్టెలో కూర్చుండును. దానికి కన్నులు లేవు, చర్మము లేదు. రాజులు చారులనే కన్నులుగా గలవారని నీతిశాస్త్రములలో చదివియున్నాము. ఈ యంత్రరాజమునకును నలుగురు చారులు కలరు. వారినే సెన్సారులందురు. ఒకడు బండి ముందరి జాలివెనుక నుండి బయటి వేడిమి చెప్పును. ఒకడు డాషుబోర్డులోని చిన్న జల్లెడకన్నము వెనుక నుండి లోపలి వేడిమి చెప్పును. ఒకడు అద్దము క్రింద నల్లని గుండీవలె కూర్చుండి ఎండ తీవ్రతను చెప్పును. నాలుగవవాడు కూలింగు కాయిలు మంచుగట్టకుండ కావలికాయును.

బయటి చారుడు ఒక చిన్న పూస. వేడియెక్కినకొలది అందు విద్యుత్తునకు అడ్డు తగ్గును, చల్లబడినకొలది పెరుగును. దాని తీగ తెగినచో విద్యుత్తు బొత్తిగా సాగదు. రాజు దానిని మిక్కిలి గొప్ప అడ్డుగా, అనగా మిక్కిలి గొప్ప చలిగా తలచి, తన పట్టికలోని కడపటి అంకె -40ని చూపును. (సెంటీగ్రేడును ఫారన్‌హీటును ఒక్కటిగా కలియు అంకెయు అదియే.) నీరు గడ్డకట్టు చలిలో కంప్రెసరును త్రిప్పరాదని దానికి కట్టడి కలదు. అందుచేత గ్యాసు నిండుగ నున్నను, కంప్రెసరు దిట్టముగ నున్నను, రాజు వానిని కదలనీయలేదు. సేన యంతయు సిద్ధముగా నుండగా, ఒక్క చారుని అబద్ధపు వార్తచేత కోట పట్టుబడినట్లైనది.

ముందరి జాలి విప్పి చూడగా తీగ కొరికి తునిగియుండెను. ఎలుక పని! మా ఇంటి ప్రక్కనున్న గడ్డివామి చెంత కారు నిలుపుట దానికి అనుకూలించినది. విఘ్నేశ్వరుని వాహనమే మా వాహనమునకు విఘ్నము చేసెనని నవ్వుకొంటిమి. మెకానిక్కు తీగను అతికి, గొట్టము తొడిగి, ఇంజనాపి మరల వేసెను. -40 పోయి 41 కనబడెను. మరుక్షణముననే ముందర టక్కుమని కంప్రెసరు అంటుకొన్న చప్పుడు. అయినను గాలి కావలసినంత చల్లగా లేదు. ఆయన మిషను తగిలించి గ్యాసంతయు తీసి తూచెను. రెండుమార్లు నింపినందున అది కొలతకు మించి యుండెను. గ్యాసు తక్కువైనను చెఱుపే, ఎక్కువైనను చెఱుపే. బానెటు క్రింది చీటిలో ఎన్ని గ్రాములని అచ్చువేసియుండునో అంతే తూచి నింపవలెను. అట్లు నింపగనే చల్లనిగాలి జివ్వుమని వచ్చెను. మా మరిది ఒక్కమాటయు పలుకక ఆ గాలికి ముఖము పెట్టి నిలిచెను. ఆయన అడిగిన సొమ్ము కంప్రెసరు వెలలో పదవవంతైనను లేదు.

మా సోదరీమణులకు పనికివచ్చునని ఆయన చెప్పిన గుర్తులు కొన్ని వ్రాయుచున్నాము. గాలియే బలహీనముగా వచ్చుచున్నచో ముందుగా ఫిల్టరును చూడవలెను. అది చాల బండ్లలో ఎడమవైపు అరపెట్టె వెనుక నుండును. మన ఇంటి జల్లెడవలె దుమ్ము నిండినచో గాలి ఆడదు. బండి పరుగెత్తునప్పుడు చల్లగాను, నిలిచినప్పుడు వేడిగాను వచ్చినచో ముందరి ఫ్యాను తిరుగుచున్నదో లేదో చూడవలెను. కొంతసేపు చల్లబడి, గాలి సన్నగిల్లి ఆగిపోయి, ఆపియుంచిన పిదప మరల చల్లబడినచో కాయిలు మంచు గట్టుచున్నదని తలపవచ్చును. ఒకవైపు చల్లనయు ఒకవైపు వేడియు వచ్చుచు, డాషుబోర్డు వెనుక టకటక చప్పుడైనచో, చల్లని వేడిగాలులను కలుపు చిన్న తలుపును త్రిప్పు మోటారు పండ్లరిగియుండును. చప్పుడు లేక ఒకవైపే చల్లదనము తగ్గినచో గ్యాసు తక్కువైనను కావచ్చును. కాళ్ళక్రింది చాప తడియుచున్నచో నీరు పోవు గొట్టము పూడినదని యర్థము.

మరియొక మాట మనకే చెందినది. డాషుబోర్డు మీద దేవుని పటములు, పూలదండలు, బట్టలు పెట్టుట మన యలవాటు. అద్దము క్రింది నల్లగుండీని కప్పినచో యంత్రమునకు ఎండ తెలియక చల్లదనము తగ్గించును. జల్లెడకన్నమును మూసినచో లోపలి వేడిమి దానికి సరిగా తెలియదు. దేవుని అచ్చట నిలుపవచ్చును గాని చారుల కన్నులు మూయరాదు. గ్యాసు గొట్టములను మాత్రము ఇంట నెవ్వరును విప్పరాదు. ఆ ఒత్తిడికి వెలువడిన గ్యాసు చేతిని కన్నును చెఱుపగలదు. ఎంత మంచి ఏసీ యున్నను, మూసిన కారులో బిడ్డను విడిచి ఒక్క నిమిషమైనను పోరాదు. ఎండలో నిలిపిన కారులోపల పది నిమిషములలోనే సుమారు 10 డిగ్రీలు వేడిమి పెరుగును.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. షెడ్డునకు పోయినప్పుడు "ఏసీ పోయినది" అని యొక్కమాట చెప్పి యూరకుండరాదు. ఏనాడు పోయినది, పరుగులోనా నిలుకడలోనా, ఏ చప్పుడు వినబడినది, ఏ అంకె మారినది, అన్నియు చెప్పవలెను. ఇంట బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు వైద్యునికి ఈ వివరములన్నియు చెప్పునది మనమే గదా. కారు మగవారిదని, ఆ మాటలు మనకేలయని యూరకుంటిమేని, చౌటుప్పలయొద్ద మేము చేసిన తప్పే చేసినవారమగుదుము. ఆనాడు మేము మరియొక ప్రశ్న వేసియుండినచో పంజాగుట్టలో అత్తగారికి ఆ కష్టము రాకపోయెడిది.

సాయంకాలము తిరుగుప్రయాణములో 24 అని అంకె పెట్టితిమి. హయత్‌నగరు దాటునప్పటికి అత్తగారు కొంగు నిండుగ కప్పుకొని, "చలి పెడుతుంది బిడ్డా, జర తగ్గించుండ్రి" అనిరి. మా మరిది నవ్వుచు 27 చేసెను. చౌటుప్పలయొద్ద చిన్నవాడు మరల వంగి చదివి, "ఇప్పుడు బయట ముప్పయ్యాఱు" అని చెప్పెను. ఈమారు అందరమును ఆ అంకెను చూచితిమి. అత్తగారు కన్నులు మూసికొనియే, యెల్లమ్మతల్లి చల్లగనే చూచినదని పలికిరి. మఱునాడు ఉదయమే మరిదికి పెండ్లివారి బాడుగ వచ్చెను. గడ్డివామి ప్రక్కన మాత్రము అతడు ఇప్పుడు కారు నిలుపుటలేదు.